నా తలనొప్పి, ఆమె రక్తం

జిగణి రోడ్డు మీద మేమెక్కిన ఆటో బోల్తా పడినప్పుడు నా తోడికోడలికి చెయ్యి విరిగింది, నా తల ఇనుప కడ్డీకి కొట్టుకుంది. ఇద్దరం ఒకే అగరుబత్తీల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న కాలమది. ఆమె చేతికి తెల్లటి కట్టు వేశారు. నాకు స్కానింగు తీసి, ఏమీ లేదు, ఇంటికి పొమ్మన్నారు.

ఆ కట్టును చూస్తే నాకు ఒళ్లు మండేది. వీధిలోవాళ్లు బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకొని దాన్ని చూడటానికి వచ్చేవాళ్లు. ఎముక అతుక్కోవాలని మా అత్త రోజూ మేక కాళ్ల సూపు కాచి ఆమెకిచ్చేది, దిష్టి తీసేది. ఆ గిన్నెలు తోమేది నేను. తల వంచితే కళ్లు తిరిగేవి. మిక్సీ మోతకు వాంతి వచ్చేటట్టుండేది. పొయ్యి మీద ఏం పెట్టానో మరిచిపోయేదాన్ని. ఆమె కట్టు విప్పేశారు గానీ నా తల బాగవలేదు.

"స్కానింగులో ఏమీ లేదన్నారు గదప్పా! పని జేసేకి ఒళ్లు వంగక తలనొప్పంటాది," అని అత్త నా భర్తతో అనేది. ఆయన నా వైపు చూసేవాడు కాదు. ఆయన నన్ను నమ్మితే చాలు, నాకింకేమీ అక్కర్లేదనిపించేది.

నాకు మిగిలిన ఆశ రక్తం. ఆటో పడిన రోజే ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ పరిశోధన కోసమని మా ఇద్దరి రక్తమూ తీసుకుంది. తలకు దెబ్బ తగిలితే మెదడులోని ఒక ప్రొటీను రక్తంలోకి వస్తుందట. పోల్చి చూడటానికి తలకు దెబ్బ తగలనివాళ్ల రక్తమూ కావాలట. తోడికోడలి చెయ్యి చూపించడానికి ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి పోయిన రోజు నేను అందరి ముందే ఆ డాక్టరమ్మను పట్టుకొని అడిగాను.

నాది మామూలుగా ఉంది. ఆమెది ఎక్కువగా ఉంది.

రక్తంలో కూడా ఆమే గెలిచింది! డాక్టరమ్మ కన్నడలో ఓపికగానే చెప్పింది: ఎముక విరిగినా అది పెరుగుతుందట, ఈ పరీక్ష ఇంకా తేలలేదట, ఆ రోజు రక్తాన్ని చూసి నా నొప్పి అబద్ధమనడానికి వీల్లేదట. కన్నడ సరిగా రాని అత్త చెవికెక్కింది మాత్రం ‘ఆమెది ఎక్కువ’ అన్న మొదటి ముక్క ఒక్కటే.

"అయ్యో, నీ తలకీ తగిలిండాదేమ్మా!" అని తోడికోడల్ని పట్టుకొని ఏడ్చింది.

ఆ ఆదివారం తలకాయ మాంసం తెప్పించింది. తలకు బలమని మెదడంతా ఆమె కంచంలో వడ్డించింది. నాకు దవడ ఎముక పడింది. నా భర్త అంతా చూశాడు, తిన్నాడు, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అత్త వాకిట్లోకి పోగానే తోడికోడలు మెదడు ముక్కలు నా కంచంలోకి తోసింది.

"తినుమే. తలకి దెబ్బ నీకే. నాకి తెలీదా? పప్పులో రెండుతూర్లు ఉప్పేస్తావు, నేను నీళ్లు పోసి సరిజేస్తా. అన్నం మాడిస్తే తీసి కుక్కకేస్తా. అత్త తిడతాదని చెప్పలే."

నేను సాక్ష్యం కోసం రక్తం చుట్టూ తిరుగుతుంటే, ఉన్న సాక్ష్యాన్ని ఈమె కుక్కకు వేస్తూ వచ్చింది!

"ఈ మాట ఆయనతో చెప్పక్కా," అన్నాను.

చెప్పింది. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నమ్మాడు. మరుసటి రోజే సెలవు పెట్టి నన్ను ఆసుపత్రికి తీసుకుపోయాడు. వదిన ఎంత మంచిదో దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.