బాయి ఓడిపోయిన ఏడాది

మొన్న మధ్యాహ్నం కాలేజీలో పాఠం చెప్పి వచ్చి చెప్పులు విడుస్తుంటే పెరట్లోంచి గంజి వాసన వచ్చింది. అన్నం వార్చిన గంజి కాదు. కొత్త నేత చీరను మొదటిసారి నీళ్ళలో ముంచినప్పుడు వచ్చే వాసన. కాస్త పులుపు, కాస్త తడిమట్టి. వెళ్ళి చూస్తే మా అమ్మాయి నా పెట్టె అడుగున ఉన్న చీర తీసి బకెట్లో నానబెట్టింది. ముదురెరుపు రంగు నీళ్ళలోకి మెల్లగా దిగుతోంది. ఊరికే మగ్గిపోతున్నదని, బతుకమ్మకు తను కట్టుకుంటానని అంది. ఇరవై ఏళ్ళు దాటినా ఒక్క నీటిచుక్క తగలని చీర అది. తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేక, బావిగట్టు మీద కూర్చున్నాను. నేను తిట్టలేకపోయానంటే నన్నెరిగినవాళ్ళెవరూ నమ్మరు.

ఆ చీర ఇందుబాయిది. ఆమె ఒక్కసారి కూడా కట్టుకోని చీర. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కరీంనగర్‌లో ఒక ఆడపిల్లల బడిలో నాకు ఉద్యోగమైంది. మాది సుల్తానాబాద్ దగ్గర భూములున్న ఇల్లు. ఆడపిల్ల జీతానికి పోవడమేమిటని ఇంట్లో అందరూ ముఖాలు తిప్పుకున్నారు. ఉండడానికి చోటు దొరకక తిరుగుతుంటే అదే బడిలో లెక్కలు చెప్పే ఇందుబాయి తన అద్దె ఇంట్లోకి రమ్మన్నది. అప్పటికి ఆమెకు నలభై ఉంటాయి. ఆదిలాబాద్ దిక్కు మనిషి. పన్నెండేళ్ళకే భర్త పోయి, అన్నదమ్ముల వంటింట్లో పదేళ్ళు పొగ మింగి, ఎవరెవరి కాళ్ళో పట్టుకొని చదువుకొని బయటపడింది. ఎప్పుడూ తెల్లచీరే. కోపమొస్తే మరాఠీలో మొదలుపెట్టి తెలుగులో ముగించేది. మేమంతా ఆమెను బాయి అనేవాళ్ళం. ఆ ఇంట్లో మూడో మనిషి సుశీల, మా బడిలోనే టీచరు. సిరిసిల్లలో నేతపని చేసే ఇంటి పిల్ల, వాళ్ళ వాడలో మెట్రిక్ పాసైన మొదటి ఆడది. మెత్తని మనిషి. మాట్లాడేది తక్కువ. నేనున్న చోట ఎవరికైనా మాట్లాడే సందు దొరికితే కదా.

పందెం నా నోటివల్లే పుట్టింది. దసరా ముందు జీతం రాగానే నేను రెండు చీరలు, చేతిసంచీ, అద్దం పొదిగిన డబ్బా ఒకటి కొని తెచ్చాను. తెచ్చినదాన్ని ఊరుకోక, అన్నం తింటూ, ఆడవాళ్ళకు షోకులు ఎక్కువైనందుకే విలువ లేకుండా పోతున్నదని ఉపన్యాసం మొదలుపెట్టాను. బాయి ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"అగ సరోజా, జర నీ సంచి దిక్కు సూస్కొని మాట్లాడు. మనకేం గావాల్నో ఎదుటోనికి ఎరుకైతె దాంతోనే మనల్ని కట్టేస్తడు. నన్ను రెండు పూటల బువ్వతోని కట్టేసిన్రు పదేండ్లు. నీకు దమ్ముంటె ఒక్క ఏడాది ఏం కొనకుండ ఉండి సూపియ్."

ఉంటానన్నాను. నువ్వూ ఉంటావా అన్నాను. ముగ్గురం ఉందామనుకున్నాం. ఈ దసరా నుంచి వచ్చే దసరా దాకా తిండి, కిరసనాయిలు, సబ్బు, మందులు తప్ప ఏదీ కొనకూడదు. గాజులు లేవు, సినిమా లేదు, రిక్షా లేదు. ఓడినవాళ్ళు టీచర్లందరి ముందూ నిలబడి ఓడిపోయానని చెప్పాలి. ఆపైన ఏడాదిపాటు గెలిచినవాళ్ళకు బావిలోంచి నీళ్ళు తోడిపెట్టాలి. సుశీల ఒక్కటే అడిగింది, "బట్టలు గూడనా?" అని. బట్టలే అసలు అన్నాను నేను. ఆ పిల్ల కంచంలోకి చూసి సరేనన్నది. ఆ ప్రశ్న ఎందుకడిగిందో ఆలోచించడానికి నాకప్పుడు తీరిక లేదు. నియమాలు తయారు చేస్తున్నాను మరి.

ఆ ఏడాది నేను ఎంత సుఖంగా ఉన్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. తెగిన చెప్పుకు నేనే దారం వేసుకున్నాను. గాజులు చిట్లితే మొండిచేతులతో బడికి పోయాను. అన్నిటికన్నా ఇష్టమైన పని తీర్పులు చెప్పడం. చీరకు మాటు వేయడానికి దారం కొనవచ్చా? పాత చీర అంచు పోగులు లాగి కుట్టుకోవాలి. పక్కింటావిడ ఇచ్చిన మల్లెపూలు పెట్టుకోవచ్చా? ఆమె కొన్నవైతే వద్దు, చెట్టువైతే సరే. బాయి నవ్వేది, నువ్వు బళ్ళో కాదు కోర్టు కచేరీలో ఉండాల్సినదానివని. కాని ఆమె చెప్పిన మాట నాకు పనికొచ్చింది, అది ఒప్పుకోవాలి. ఉగాది వెళ్ళాక మా బాపు వచ్చాడు. ఉద్యోగం మాని ఇంటికొస్తే ఇస్తానని మా నాయనమ్మ బంగారు గొలుసు గుడ్డలో చుట్టి తెచ్చాడు. ఏడాది కిందటైతే నా చెయ్యి ముందుకు పోయేదే. ఆ రోజు పోలేదు. బాపు గొలుసు మళ్ళీ చుట్టుకొని బస్సెక్కాడు. నా బతుకు నా చేతిలో ఉండడం అంటూ మొదలైతే ఆ రోజే మొదలైంది. దాన్ని నాకిచ్చింది బాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఆగే మనిషినా? మా ముగ్గురి పందెం టీచర్లకు తెలిసింది. పిల్లల తల్లులకు తెలిసింది. బడిలో తల్లుల సభ పెట్టినప్పుడు నేనే లేచి మాట్లాడాను. ఈ బతుకమ్మకు కొత్త చీర కొననని ఎంతమంది అనగలరని సవాలు చేశాను. ఒక్కొక్కరే చేతులెత్తారు. వకీళ్ళ ఇళ్ళవాళ్ళు, గుమాస్తాల ఇళ్ళవాళ్ళు. మా వీధిలో అదొక గొప్ప అయింది. సుశీల ఆ సభలో చివరి బెంచీ మీద కూర్చుంది. చెయ్యెత్తిందో లేదో నేను చూడలేదు.

సద్దుల బతుకమ్మ పది రోజుల్లో ఉందనగా ఒక ఆదివారం పగటిపూట సుశీల వాళ్ళ బాపు వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. గుంట మగ్గంలో కూర్చొని కూర్చొని నడుము కాస్త వంగింది. ఏటా దసరా ముందు తను నేసిన చీరలు మూటగట్టుకొని కరీంనగర్ వచ్చి, తెలిసిన ఇళ్ళలో అమ్ముకొని, చివరికి బిడ్డను చూసి పోయేవాడట. ఆ రోజు మూట దించితే అది విప్పని మూటలాగే ఉంది. సుశీల నీళ్ళిచ్చింది. తాగి, ఎవరినీ నిందించకుండా, తనకే అర్థం కానట్టు చెప్పాడు.

"ఏ ఇంటికి పోయినా గీయేడు కొనం అంటున్రు బిడ్డా. బడి పంతులమ్మ వద్దన్నదట. చీరలు మంచిగ లెవ్వా అంటె, మంచిగనే ఉన్నయంటున్రు."

ఆ పంతులమ్మ నేనేనని ఆయనకు తెలియదు. సుశీల చెప్పలేదు. ఆయన మూట విప్పి మూడు చీరలు తీసి మా ముందు పరిచాడు. ముగ్గురికీ తలా ఒకటి తీసుకోమన్నాడు. అమ్మడానికి కాదు, తీసుకొమ్మని. సుశీల నా వైపు చూసింది. ఇరవైమూడేళ్ళ నా నోరు ఊరుకుందా? వాదించింది. ఇచ్చిన వస్తువైనా కొత్త బట్ట కొత్త బట్టే. మనం కొనకపోయినా మన కోసం ఇంకొకరి ఖర్చే కదా, నియమమంటే నియమమే అన్నాను. ఎంతో మర్యాదగా అన్నాను. అదే ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధ పెట్టేది.

ఆయన చీర అంచు మీద అరచెయ్యి పెట్టాడు.

"మీరు సదువుకున్నోళ్ళు. మీరు కట్టుకోవద్దనుకుంటె మరి మేం నేసుడెందుకు తల్లీ?" అన్నాడు.

దానికీ నా దగ్గర జవాబుంది. పట్నంలో మిల్లు బట్ట కొనేవాళ్ళను మానిపించాలన్నదే మా ఉద్దేశమని ఏదో చెప్పాను. ఆయన వింటూనే చీరలు మడతపెట్టాడు. మూట ముడి వేసి, సుశీల తల మీద చెయ్యి పెట్టి బస్సు అడ్డాకు బయల్దేరాడు. సుశీల పొయ్యి దగ్గరకు పోయి బియ్యం కడిగింది. మూలన కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతున్న బాయి వాటిని పక్కన పెట్టింది. లేచి, చెప్పులేసుకొని, ఉప్పు తెస్తానని పోయింది. ఇంట్లో ఉప్పుంది. గంట తర్వాత ఉప్పు లేకుండానే తిరిగొచ్చింది. కొంగు కింద ఏదో ఉన్నట్టు కనిపించింది. నేను అడగలేదు. వాదన గెలిచిన సంతోషంలో ఉన్నాను.

వారం తర్వాత జాకెట్టు చినిగితే సూది కోసం బాయి పెట్టె తెరిచాను. ఆమె బావి దగ్గరుంది. తెల్లచీరల కింద మూడు రంగుల చీరలున్నాయి. ముదురెరుపుకు పసుపు అంచు ఒకటి, పచ్చది ఒకటి, నీలిది ఒకటి. మడత విప్పనివి. మూడూ కొత్తవి. ఎంత సంబరపడ్డానో. ఏడాది పందెం పెట్టిన మనిషే దసరాకు నాలుగు రోజుల ముందు ఓడిపోయింది. అడగొచ్చు కదా, బాయీ ఇవేమిటని? అడిగితే ఇంట్లోనే అయిపోతుంది. అందుకని అడగలేదు. మర్నాడు, సెలవుల ముందు చివరి రోజు, ఎర్రచీర కాగితంలో చుట్టి బడికి పట్టుకెళ్ళాను. మధ్యాహ్నం అన్నం సెలవులో టీచర్లంతా కూర్చున్నప్పుడు బల్ల మీద చీర పరిచి అన్నాను.

"మన బాయికి కట్టుకునే యోగం లేకపాయె. కొనుక్కునే ఆశ మాత్రం పోకపాయె."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఈ వాక్యాన్ని నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రాస్తే చెయ్యి ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నా చేతికి కూడా నా నోటి మొండితనమే వచ్చినట్టుంది. బాయి కుర్చీలోంచి లేచింది. ముఖంలో కోపం లేదు. "అవ్. నేను ఓడిపోయిన. అందరు ఇనున్రి," అని కూర్చుంది. అప్పుడు సుశీల వచ్చి చీర అంచు వేళ్ళతో పట్టుకొని చూసింది. జాగ్రత్తగా మడతపెట్టి బాయి ఒళ్ళో పెట్టి గది బయటికి పోయింది.

సాయంత్రం ఇంట్లో సుశీల నాతో మాట్లాడింది, ఆ ఏడాదంతా మాట్లాడినదానికన్నా ఎక్కువ. "మా బాపు మొన్న నీ ముంగట పరిచిన చీరనే అది. నువు సూడలే. పది రోజులు గూడ కాలే. రంగు సూడలే, అంచు సూడలే. మా బాపు మొఖం గూడ సూడలే నువు." అంతే. నిజమే. నేను చూడలేదు. నా కళ్ళ ముందు మూడు చీరలుంటే నాకు కనిపించింది నా నియమం ఒక్కటే. బాయి ఆ రోజు బస్సు అడ్డాకు పరుగెత్తి, తను ఎన్నటికీ కట్టుకోలేని మూడు రంగుల చీరలూ పూర్తి ధర ఇచ్చి కొన్నది. మిగిలిన మూట మాత్రం సిరిసిల్లకు తిరిగిపోయింది. ఆ చలికాలమే ఆయన మగ్గం ఆపేసి షోలాపూర్ మిల్లులో పనికి పోయాడు. సుశీల బదిలీ అడిగి మందమర్రికి వెళ్ళింది. నేను రాసిన ఉత్తరాలకు జవాబివ్వలేదు.

ఒక ఊళ్ళో కొందరు ఆడవాళ్ళు ఒక పండక్కి చీరలు కొనకపోతే మగ్గం ఆగుతుందా? ఆగదు. మిల్లు బట్ట అప్పటికే ఆ వాడ గొంతు మీద కూర్చుంది. ఈ వాదన ఇరవై ఏళ్ళుగా నాలో నేనే చేస్తున్నాను. ప్రతిసారీ గెలుస్తున్నాను. గెలిచి ఏం చేసుకోవాలో మాత్రం తెలియలేదు.

దసరా మర్నాడు పొద్దున లేచేసరికి నా బకెట్టు నిండి ఉంది. బాయి తెల్లచీర కొంగు నడుముకు దోపుకొని రెండోది తోడుతోంది. వద్దన్నాను. కాళ్ళు పట్టుకోబోయాను. "నియమమంటె నియమమే అన్నవు గద," అని చేద వదిలింది. ఏడాదిపాటు, జ్వరమున్న రోజు కూడా, ఆమె నాకు నీళ్ళు తోడింది. ఆమెకన్నా ముందు లేద్దామనుకుంటే ఇంకా ముందు లేచేది. ఆ నీళ్ళు పోసుకోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. ఒకరోజు కోపమొచ్చి అడిగాను, ఆ రోజే అందరి ముందు అసలు సంగతి చెప్పి నా నోరెందుకు మూయించలేదని.

"చెప్తె ఇడిచిపెడ్తుంటివా? నీకు గెలుపు గావాలె సరోజా. గొలుసు వద్దంటివి, చీర వద్దంటివి. గెలుపు వద్దనుడు నీకు రాలే. రేపు ఎవడన్న నిన్ను కట్టేస్తె దాంతోనే కట్టేస్తడు."

ఇప్పటికీ ఆమెతో పోట్లాడుతూనే ఉన్నాను. నాకు బుద్ధి చెప్పడానికి ఏడాది నీళ్ళు తోడాలా బాయీ? ఒక్క మాట అంటే పోయేది కదా. అది కూడా ఒక రకం మొండితనమే, నాకన్నా పెద్దది. నువ్వూ గెలవాలనే తోడావు. ఏడాది నిండిన రోజు చేద గట్టు మీద పెట్టి ఎర్రచీర నా చేతిలో పెట్టింది. మిగతా రెండూ అప్పటికే సుశీలకు పంపిందట. తర్వాత ఆదిలాబాద్ దిక్కు బదిలీ చేయించుకొని పోయింది. పోయిన ఏడాది అక్కడే కన్నుమూసిందని ఎవరో చెప్పారు. ఆమె నేర్పిన రెండు సంగతుల్లో ఒకటి నాకు వచ్చింది: ఇవాళ్టికీ నన్నెవరూ బంగారంతో కొనలేరు. రెండోది రాలేదు. అందుకు గుర్తుగా ఒక నియమం పెట్టుకున్నాను. మా ఇంట్లో నా నీళ్ళు నేనే తోడుకుంటాను. పనిమనిషి చేద ముట్టుకుంటే కసురుతాను. నా తిక్క అనుకుంటారు.

అమ్మాయి చీర పిండి దండెం మీద ఆరేసింది. ఎండకు పసుపు అంచు మెరిసింది. ఇరవై ఏళ్ళకు మొదటిసారి ఆ అంచును చూశాను. పోగు పోగుకూ మధ్య సన్నని పచ్చ గీత ఉంది. ఎంత సన్నగా ఉందంటే, అది నేసిన మనిషి కళ్ళు ఎంత నొచ్చాయో అనిపించేంత.

"ఎంత మంచిగున్నదమ్మా. ఎక్కడ కొన్నవు?" అంది.

"నేను కొనలే," అన్నాను.