అట్ట మీద అమ్మ పేరు

మా ఊరు నజా సవాఖీ బడిలో ఇంగ్లీషు చెప్పే తహానీకి పాఠ్యపుస్తకంలోని బొమ్మలంటే ఒళ్ళుమంట. గొడుగట, మంచుతో చేసిన మనిషట! నైలు పడమటి గట్టున చెరుకు తోటల మధ్య పుట్టిన పిల్లలకు గొడుగెందుకండీ? ఏ పదేళ్ళకో వాన పడితే ఇంటికప్పు కాపాడుకోవడానికే చేతులు చాలవు. అందుకని ఆవిడ తన బొమ్మలు తనే గీసుకునేది. కొట్టు ముందు పారేసిన టీ పెట్టెలు ఏరుకొచ్చి, అట్టలు నాలుగు మూలలూ కోసి, లోపలివైపు మైనపు రంగులతో గీసేది. గాడిద బొమ్మంటే ఏదో ఒక గాడిద కాదు, పిండిమర హాజీ షాజ్లీగారి చెవి తెగిన గాడిదే. అట్ట పైకెత్తగానే పిల్లలు "హాజీగారి గాడిదరోయ్!" అని గోలగోలగా అరిచేవాళ్ళు. ఆ అరుపు వెనకాలే "డాంకీ" అన్న మాట ఊడిపడేది. తెలిసిన గాడిదైతేనే తెలియని మాట పలుకుతారని ఆవిడ నమ్మకం. పై అధికారులకు ఇది ఎక్కేది కాదు గానీ, చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోకీ ఇంగ్లీషు ముక్క నోరారా మాట్లాడేది మా నాలుగో తరగతి పిల్లలే.

తహానీది మా ఊరు కాదు. ఎక్కడో ఉత్తరాన, నైలు సముద్రంలో కలిసే రషీద్ నుంచి, ఉద్యోగం వచ్చి, తల్లిని వెంటబెట్టుకుని దిగింది. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. పెళ్ళి మాట రెండుమూడుసార్లు వచ్చి దానంతటదే పోయింది. నాలుగేళ్ళ కిందట తల్లి ఇక్కడే కన్నుమూసింది. అప్పట్నించి హాజీగారి పెరట్లో అద్దెకున్న రెండు గదుల్లో ఆవిడ ఒక్కతే. సెలవు రోజైతే తెల్లారింది మొదలు పొద్దు గూకేదాకా నోరు విప్పే పని ఉండేది కాదు. తన గొంతు పోలేదు కదా అని చూసుకోవడానికి అట్టలు ముందేసుకుని "గోట్, పామ్, ఓవెన్" అని తనకు తనే పాఠం చెప్పుకున్న రోజులూ ఉన్నాయి. ఒంటరితనం అలవాటైపోతుందని చెప్పేవాళ్ళను నమ్మకండి, అదెప్పటికీ కాదు.

ఆవిడకున్న ఓదార్పల్లా ఒక్కటే. ఊరంతా ఆవిడను పేరు పెట్టి పిలిచేది. టీచరమ్మను అబ్లా అంటాం మేము. "అబ్లా తహానీ, పచ్చి బఠాణీలు వచ్చాయి!" అని కొట్టువాడు అరిచేవాడు. "అబ్లా తహానీ, పక్కకు జరుగమ్మా!" అని చెరుకు బండివాడు. మా వీధుల్లో ఇంకే ఆడమనిషి పేరూ వినపడదు. ఫలానావాడి తల్లి, ఫలానావారి ఇంట్లోవాళ్ళు, అంతే. తహానీ అన్న పేరు మాత్రం ఈ మిద్దె మీంచి ఆ మిద్దె మీదకు ఎగిరేది. పదిహేనేళ్ళకు వీళ్ళు నన్ను తమలో కలుపుకున్నారని ఆవిడ లోలోపల మురిసిపోయేది.

అయినా పుట్టినూరు పుట్టినూరే. అక్క సుహైర్ ఇంట్లో కింది వాటా ఖాళీ అయింది. "వచ్చెయ్యవే, ఒకరికొకరం ఉంటాం" అని అక్క పోరు పెడుతోంది. బదిలీ కోసం ఆరుసార్లు అర్జీ పెడితే ఆరుసార్లూ తిరిగొచ్చింది. ఏడోసారికి మాత్రం ఒక మెలిక పెట్టారు. ఇన్‌స్పెక్టర్ పాఠం చూసి బాగుందని రాస్తే బదిలీ ఖాయం.

"గురువారం వస్తున్నాడు అబ్లా," అన్నాడు హెడ్మాస్టరు ఉస్తాద్ ఖిదర్ చెమట తుడుచుకుంటూ. "నా కుటుంబం పాఠం చూస్తాడట. తల్లీ, ఆ గాడిదల్నీ మేకల్నీ ఆ ఒక్కపూటకి దాచెయ్యి. నీకు పుణ్యముంటుంది."

"మన పిల్లలకు ఇంగ్లీషు నేర్పింది ఆ గాడిదలే ఉస్తాద్. మనిద్దరం కాదు."

"ఇలాంటి మాటలు ఆయన ముందు అనకు. నీ బదిలీ నీ నోట్లోనే ఉంది."

అయినా ఆవిడ కుటుంబం కోసం కొత్త అట్టలు గీసింది. భుజాన పార ఉన్న తండ్రి, జపమాల తిప్పే తాత, మట్టి పొయ్యిలోంచి రొట్టె తీస్తున్న తల్లి. తల్లి మొహం నల్లబట్ట చాటున సగమే కనపడేట్టు గీసింది. ఏ పిల్లవాడి తల్లి పోలికైనా పడితే ఊళ్ళో రగడ అవుతుందని ఆమాత్రం తెలియని మనిషి కాదు.

ఇన్‌స్పెక్టర్ ఉస్తాద్ రవూఫ్ కైరో మనిషి. చెడ్డవాడని అనను, తొందర మనిషి. వెనక బెంచీలో కూర్చున్నాడు. పిల్లలు ముప్పై ఎనిమిది మంది. ఆ పూట వాళ్ళు రెచ్చిపోయారంటే నమ్మండి! ఒక్కో అట్ట లేస్తుంటే ఒక్కొక్కళ్ళు లేచి రెండేసి మూడేసి వాక్యాలు చెప్పారు. ఇన్‌స్పెక్టర్ కలం చకచకా నడిచింది. గుమ్మంలో నిలబడ్డ ఖిదర్ మీసాల చాటున నవ్వుకున్నాడు. తహానీకి రషీద్ సముద్రపు గాలి మొహాన తగిలినంత పనైంది.

అప్పుడాయన లేచొచ్చి తల్లి అట్ట చేతిలోకి తీసుకున్నాడు. "పుస్తకంలో ఇంకో వాక్యం ఉంది కదా, అదెందుకు వదిలేశారు?" అని, ముందు బెంచీలోని బదవీ అనే పిల్లవాడి వైపు తిప్పాడు. "హూ ఈజ్ షీ?"

"షీ ఈజ్ మై మదర్."

"గుడ్. వాట్ ఈజ్ హర్ నేమ్?"

మా ఊళ్ళో మగపిల్లవాడు తల్లి పేరు నలుగురిలో బయటపెట్టాడంటే తన గుడ్డలు తనే విప్పుకున్నంత పరువు తక్కువ. కిందటేడు కాలవ గట్టున ఒకడు ఇంకొకడి తల్లి పేరు ఎత్తినందుకు తల పగిలి నాలుగు కుట్లు పడ్డాయి. బదవీ మొహం ఎర్రబడింది. ఇన్‌స్పెక్టర్‌ను చూశాడు, తహానీని చూశాడు.

"హర్ నేమ్ ఈజ్ తహానీ."

పక్కనున్న ఆడపిల్ల సబాహ్‌ను అడిగాడు. "హర్ నేమ్ ఈజ్ తహానీ." ఆ వెనకవాడిదీ అదే మాట. వరసగా తొమ్మిది మంది తల్లుల పేర్లూ తహానీయే!

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "ఏమిటమ్మా, ఊరు ఊరంతా ఒక్క కడుపున పుట్టారా? ఇది చదువు కాదు, చిలకపలుకులు."

"చిలకపలుకులు కాదు సార్. ఇక్కడ తల్లి పేరు బయట చెప్పరు. పిల్లలు అప్పటికప్పుడు తెలివిగా తప్పించుకున్నారు."

"అయితే ఆ మౌఢ్యం వదిలించడమే మీ ఉద్యోగం. ఇదిగో, ఈ అబ్బాయి చేత తల్లి అసలు పేరు చెప్పించండి. ఒక్కడు చెబితే చాలు, బాగుందని రాసి వెళ్ళిపోతాను."

ఒక్క పేరుకు రషీద్! ఆవిడ అడిగితే బదవీ చెప్పి ఉండేవాడే. అబ్లా మాట వాడు ఏనాడూ జవదాటలేదు. చెప్పి, రేపట్నించి కాలవ గట్టున తల ఎత్తుకోలేక చచ్చేవాడు. వాడు పిడికిళ్ళు బిగించుకుని, కళ్ళనిండా నీళ్ళతో ఆవిడనే చూస్తున్నాడు. గుమ్మంలోంచి ఖిదర్ "అడుగమ్మా, అడుగు" అని చేత్తో సైగ చేస్తున్నాడు.

తహానీ ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి అట్ట తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టింది.

"అడగను సార్."

ఆయన భుజాలెగరేసి, రాయాల్సింది రాసుకుని పోయాడు.

గంట కొట్టాక పిల్లలు బిలబిలా వెళ్ళిపోయారు. బదవీ మాత్రం సంచి సర్దుతున్నట్టు నటిస్తూ ఆగిపోయాడు. ఆవిడకు గుండె మండిపోతోంది గానీ వాణ్ణి చూసి నవ్వొచ్చింది.

"ఒరేయ్, ఊళ్ళో పేర్లే కరువయ్యాయా? నా పేరే దొరికిందా?"

"మీ పేరైతే ఎవరైనా అనొచ్చు కదా అబ్లా!"

"ఏం, నా పేరుకేమైంది?"

"మీకు అన్నదమ్ముల్లేరు, కొడుకుల్లేరు. మీ పేరు అంటే తన్నడానికి ఎవరొస్తారు?" రెండూ రెండూ నాలుగన్నంత మామూలుగా అన్నాడు వాడు.

తహానీ కుర్చీలో కూలబడింది. పదిహేనేళ్ళు! కొట్టువాడి పిలుపు, బండివాడి కేక, మిద్దెల మీంచి వినబడిన ప్రతి "తహానీ"నీ చుట్టరికమనుకుని దాచుకుంది. కంచె లేని చేలో ఎవడైనా అడ్డం పడి నడుస్తాడు, అంతే. బదిలీ పోయినందుకు రాని ఏడుపు ఇప్పుడు తన్నుకొచ్చింది. పిల్లవాడి ముందని కూడా చూసుకోలేదు. వాడు బిక్కచచ్చిపోయి, సంచి అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

శుక్ర, శనివారాల సెలవు దాటి ఆదివారం బడికి వచ్చేసరికి బదవీ పెదవి వాచిపోయి ఉంది. చేతివేళ్ళ కణుపులు గీరుకుపోయాయి.

"ఎవరితోరా?"

వాడు చేతులు వెనక్కి దాచుకున్నాడు. సబాహ్ లేచింది. "అబ్లా, నిన్న వీడు కాలవ దగ్గర ముగ్గుర్ని కొట్టాడు. వాళ్ళు మీ పేరు ఎత్తారు."

"నా పేరు అంటే తప్పేముందే? అందరూ అనేదేగా!"

"ఇంక అనకూడదంట. తరగతంతా ఒట్టేసుకున్నాం."

తొమ్మిది పదేళ్ళ పిల్లలు, ముప్పై ఎనిమిది మందీ, పెద్దమనుషుల్లా తలలూపారు. ఆ ఒట్టు ఇళ్ళకు పాకింది, ఇళ్ళనుంచి వీధికి. వారం తిరక్కముందే కొట్టువాడు "అబ్లా" అని అక్కడితో ఆగి, కళ్ళు దించుకుని బఠాణీలు తూచాడు. చెరుకు బండివాడు బండి నిలిపి, ఆవిడ దాటేదాకా మాట్లాడకుండా ఉన్నాడు. అది ఎంత పెద్ద మర్యాదో మా ఊళ్ళో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. తహానీకీ తెలిసింది. తెలిసి, నడివీధిలో ఎవరైనా ఒక్కసారి పిలిస్తే బాగుండునని చెవులు రిక్కించుకుని నడిచింది.

నెల దాటాక బదిలీ కుదరదని కాగితం వచ్చింది. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"తహానీ, ఏమన్నారే? వస్తున్నావా లేదా?"

ఆవిడ ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా నొక్కుకుంది.

"తహానీ! వినపడుతోందా?"

"వినపడుతోంది అక్కా," అంది. "ఇంకోసారి పిలువు."