బయమ్మ వినిపించిన వద్దు

చెప్పొద్దూ, బయమ్మ చదువుతుంటే వినాలి! ఉరవకొండలో వీరభద్రయ్య శెట్టి గోదాముకు విత్తనం కాయలు ఒలవడానికి వచ్చే ఆడవాళ్లు సగం కూలి కోసం, సగం ఆ గొంతు కోసం వచ్చేవాళ్లు. మే నెల ఎండలో రేకుల కింద కూర్చుని గోళ్లు అరిగేలా శెనక్కాయలు ఒలవడం ఏం సరదా పని? మిషన్లో వేస్తే పప్పు చిట్లుతుంది, చిట్లిన పప్పు మొలవదు. కాబట్టి చేత్తోనే ఒలవాలి. విసుగు పుట్టకుండా బయమ్మ వాళ్లకు వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేది.

మరి చదివే మనిషి కాయలెట్లా ఒలుస్తుంది, కూలెట్లా వస్తుంది? దానికొక కట్టుబాటు ఉండేది. సాయంత్రం కొలత వేసే ముందు ప్రతి ఆడమనిషీ తన చేటలోంచి ఒక గుప్పెడు పప్పు బయమ్మ చేటలో వేసేది. ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఎవరూ ఎగ్గొట్టేవాళ్లు కాదు. కథ రసపట్టులో ఉన్న రోజు ఆ గుప్పెళ్లు కాస్త పెద్దవయ్యేవి.

బయమ్మ గొర్రెలు కాసే చెన్నప్ప కూతురు. ఏడో తరగతితో బడి ఆగింది గానీ చదువు పిచ్చి ఆగలేదు. బొరుగులు కట్టిచ్చిన కాగితమైనా మడత విప్పి చదవందే పారేసేది కాదు. మొగుడు పోయి ముప్పై అయిదేళ్లకే ఒంటరిదైనా మనిషిలో హుషారు చావలేదు. దొర మాట వస్తే దొర గొంతు, ముసలమ్మ మాట వస్తే వణికే గొంతు. మహాతల్లి, ఏడిపించాలనుకుంటే ఏడిపించేది!

తొంభై తొమ్మిది ఎండాకాలంలో నడుస్తున్న సీరియల్లో హీరో ఒక ఎస్టేటు దొర. పొగరుబోతు, అందగాడు. కొలువుకు వచ్చిన పిల్లను గెస్ట్‌హౌసులో పెట్టి తలుపు వేస్తాడు. ఆ పిల్ల వద్దంటుంది, ఏడుస్తుంది. అయినా వాడు ఆగడు. తీరా తెల్లవారేసరికి ఆ పిల్లకు వాడి మీద ప్రేమ పుట్టుకొస్తుందట! రాసినాయన ఆ బలవంతానికి వెన్నెలా మల్లెపూలూ పులిమి మరీ రాశాడు. బయమ్మ గొంతు తగ్గించి, ఊరించి ఊరించి చదివింది.

"అబ్బ, మొగోడంటే అట్లుండాల!" అంది తిప్పమ్మ. అందరూ పకపకా నవ్వారు. వాకిట్లో మూటలు మోసే హమాలీ సురేంద్ర కూడా నవ్వాడు.

నవ్వనిది అక్కడే కాయలు ఒలిచే గంగక్క కూతురు చౌడేశ్వరి ఒక్కతే. పద్దెనిమిదేళ్ల పిల్ల, చేట వదిలేసి గోదాము వెనక్కు పోయింది. బయమ్మ వెంటపోయి చూస్తే గోడకు ఆనుకుని వణుకుతోంది.

"ఏమైందే పాపా?"

"ఇంగ ఆ కత సదవద్దత్తా."

సురేంద్ర ఆ పిల్లకు మేనమామ గంగప్ప కొడుకు, బావ. వచ్చే శుక్రవారం తాంబూలాలు పుచ్చుకోవాలని పెద్దవాళ్లు అనుకున్నారు. ఆ ధైర్యంతో వాడు ముందురోజు సందులో చౌడేశ్వరిని గోడకు అదిమిపట్టాడు. పెనుగులాటలో రవిక చినిగింది.

"కాళ్లు పట్టుకుని వద్దంటి అత్తా. 'బయమ్మ సదివే కతల్లో ఆడోళ్లంతా ముందు ఏడ్సి మళ్లా ఊఁ అంటారు, ఇనలేదా' అన్నాడు. అమ్మకు చెప్తే, బావే కదే, నువ్వు సిగ్గుకు వద్దంటాండావులే అన్నాది."

బయమ్మ పిల్లను దగ్గరికి తీసుకుంది. తను అంత ముచ్చటగా చదివిన చదువు చివరికి ఈ పిల్ల మీదికి వచ్చిపడిందా?

మర్నాడు పాత సంచికలన్నీ సంచిలో వేసుకుని వచ్చింది. "ఈ పొద్దు ఆ సీరియల్ మొదట్నుంచి సదువుతా. కానీ ఆ పిల్ల నోటెంబడి వచ్చిన మాటలు మాత్రమే సదువుతా. దొర మాటలు, రాసినాయన మాటలు ఇడ్సిపెడ్తా" అంది.

చదివింది. గొంతు మార్చలేదు, ఊరించలేదు.

"నేను ఇంటికి పోతానండీ. తలుపు తీయండి. నా చెయ్యి వదలండి. వద్దు. మీకు దణ్ణం పెడతాను, వద్దు. అమ్మా!"

అంతే. ఇన్ని వారాల కథలో ఆ పిల్ల అన్నవి అంతే. కాయల చప్పుడు ఆగిపోయింది.

"ఇదేం కత బయక్కా, అంతా ఏడుపే!" అని తిప్పమ్మ విసుక్కుంది.

"ఆ యమ్మ అన్నది ఇంతే తిప్పమ్మా. ఊఁ అని యాడా అనలేదు. ఆ ఊఁ రాసినాయనది."

"పొద్దంతా కష్టపడేటోళ్లం. కాసేపు సరసమైన కత ఇంటే ఏం పోయె?"

"సరసమా? ఇద్దరికీ ఇష్టమైతే ఎంత పచ్చిదైనా సదువుతా, నాకేం సిగ్గు లేదు. ఇది సరసం కాదు. తలుపేసి పట్టుకునేదాన్ని నేనింక తియ్యగా సదవను."

తిప్పమ్మకు రోషం వచ్చింది. సాయంత్రం ఎవరి చేట వాళ్లు ఎత్తుకుని కొలతకు పోయారు. గంగక్క పొద్దంతా తల ఎత్తలేదు, ఆమె కూడా గుప్పెడు వెయ్యకుండానే వెళ్లిపోయింది. బయమ్మ ఖాళీ చేటను గోడకు ఆనించి ఇంటిదారి పట్టింది.

తర్వాత సంవత్సరాల్లో, ఇంటింటికీ టీవీలు వచ్చేదాకా, ఆ గోదాములో ఏ సీరియల్ మొదలుపెట్టినా "ఆ పిల్ల ఏమన్నాది, అది ముందు సదువు" అని ఆడవాళ్లే అడిగేవాళ్లు. తిప్పమ్మ అందరికంటే గట్టిగా అడిగేది. కానీ ఆ సాయంత్రం బయమ్మకు అవేవీ తెలియవు. కూలీ పోయింది, పిల్లా పోతుంది అనుకుని కుమిలిపోయింది.

శుక్రవారం వచ్చింది. గంగక్క ఇంట్లో చాప పరిచారు. పిలిస్తే బయమ్మా వెళ్లి ఒక మూల కూర్చుంది. గంగప్ప తాంబూలం పళ్లెం ముందుకు జరిపాడు. పక్కన ఇస్త్రీ చొక్కాలో సురేంద్ర.

"తీసుకోమ్మా."

"పిల్ల వద్దంటాండాదన్నా."

గంగప్ప నవ్వాడు. "ఆడపిల్లలు అట్లనే అంటారు. సిగ్గమ్మా అది."

"నేనూ అట్లే అనుకుంటి. సిగ్గు కాదు. నీ కొడుకు సందులో పట్టుకుంటే నా బిడ్డ కాళ్లు పట్టుకుని ఏడ్సినాది. వద్దని నాకూ చెప్పినాది. నేనే ఇనలేదు. ఇప్పుడు ఇన్నా. పళ్లెం తీసుకుపో అన్నా."

గంగప్ప అరిచాడు, తోబుట్టువు కాదన్నాడు, ఇక ఈ గడప తొక్కనన్నాడు. గంగక్క కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ పళ్లేన్ని ముట్టుకోలేదు. వాళ్లు లేచి వెళ్లిపోయారు.

అప్పుడు గంగక్క లోపలికి పోయింది. వాన పడితే చేలో వేసుకోవడానికి దాచుకున్న విత్తనం మూట విప్పి, చెయ్యి నిండా పప్పు తీసుకుని బయమ్మ దగ్గరికి వచ్చింది.

"కొంగు పట్టు వదినా. మొన్న కత ఇని వెయ్యలేదు."