అగత్తి కాడలు

అమావాస్య పొద్దున వ్యాసర్పాడిలో మా వీధి గుడి ముందు ఆవులకు పెట్టడానికి అగత్తికీర కట్టలు అమ్ముతారు. పుస్తకాల్లో దాన్ని అవిసె ఆకు అంటారు గానీ మద్రాసు తెలుగువాళ్ల నోట అది అగత్తికీరే. మొన్న ఒక కట్ట కొని తాడు విప్పగానే ఆ పచ్చి వాసన గుప్పున తగిలింది. ఎదురుగా ఆవు మెడ చాచి నిలబడింది. నేను మాత్రం రంగనాథం సారు మేకల కొట్టంలో, ఇరవై నాలుగేళ్ల వయసులో, సంచిలో ఆకు దాచుకుని నిలబడి ఉన్నాను.

రంగనాథం సారు మాకు కాలేజీలో పశువుల మేత గురించి పాఠం చెప్పేవారు. జార్జి టౌన్‌లో మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. మేకపిల్లను తూచే ముందు దాని చెవి వెనక కాసేపు గోకేవారు. తూకం ముల్లు ఆగేదాకా తను ఊపిరి బిగబట్టి, మమ్మల్నీ బిగబట్టమనేవారు. నాకు ఎప్పుడూ తొందరే. "ముల్లు నిలిచినాక చూడమ్మా. నీకు కావాల్సింది కాదు, ఆడ ఉండేది రాయి," అనేవారు.

ఒకరోజు నన్ను రైలు పట్టాల పక్కనున్న గుడిసెల దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ మునెమ్మ అనే ఆమె ఏడెనిమిది మేకలు సాకేది. ఎండాకాలం ఆకు దొరక్క, ఏటా పాలు మరిచిన పిల్లల్ని దళారి అడిగినంతకే ఇచ్చేసేది.

"కడుపు మాడితే గిడసబారిపోతాయి కద సార్. అందుకే అమ్మేస్తా ఉండా," అంది.

"పాలు తాగే పిల్లకైతే నువ్వు చెప్పింది నిజమే," అన్నారు సారు. "పాలు మరిచినాక రెండు నెలలు కొంచెం తక్కువ తిన్నా, వాన పడినాక కడుపునిండా పెడితే వెనకబడింది మళ్లీ అందుకుంటాదని నా నమ్మకం. ఐతే ఎంత తగ్గించొచ్చో తూచి చూసి చెప్తా. ఉత్త నమ్మకంతో నీ మేకలతో ఆడుకోకూడదు."

"వచ్చే ఎండాకాలం లోపల చెప్పండి సార్. మీ మాట కోసరం కాచుకోనుంటా."

అదే సారు రిటైరయ్యే ముందు చేసిన చివరి ప్రయోగం. ఒక దొడ్డిలో పిల్లలకు నిండుగా మేత, రెండో దొడ్డిలో పిల్లలకు తక్కువ మేత. రెండో దొడ్డి నాకప్పగించారు. అవేమీ చచ్చేంత ఆకలితో లేవు, సారు ఆ సంగతి పదేపదే చెప్పారు కూడా. కానీ ఖాళీ తొట్టి నాకుతూ నన్ను చూడగానే అవి అరిచే అరుపు నేను వినలేకపోయాను. అమావాస్యనాడు ఆవుకు ఆకు పెట్టందే ముద్ద ముట్టని అమ్మమ్మ చేతుల్లో పెరిగినదాన్ని. మూడో వారం నుంచి రోజూ సాయంత్రం అగత్తికీర కట్ట తెచ్చి వాటికి పెట్టేదాన్ని. అవి ఆబగా తింటుంటే నాకంటే దయగలది లేదనుకునేదాన్ని. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు. నాకది ఎదురు రాలేదు, నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

రెండో దొడ్డి పిల్లలు వెనకబడాల్సినంత వెనకబడలేదు. తరవాత నిండుగా మేత పెట్టినప్పుడు పుంజుకోవాల్సినంత పుంజుకోనూ లేదు. సారు వేరే కాటా మీద తూచి చూశారు, అంకెలన్నీ మళ్లీ వేసి చూశారు. చివరికి నన్ను పిలిచి, "మధ్యలో ఎవురన్నా ఏమన్నా పెట్టినారా అమ్మా?" అని అడిగారు.

"లేదు సార్," అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు, ఆ తరవాత ఇక కిక్కురుమనలేదు.

ఎండలు ముదిరాక మళ్లీ మునెమ్మ దగ్గరికి వెళ్లాం. దళారి ఆటో అప్పటికే గుడిసె ముందు ఆగి ఉంది.

"చెప్పండి సార్. పెట్టుకోనా, ఇచ్చేయనా?"

సారు తల తిప్పి నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. నోటుపుస్తకం అడుగుతున్నారనుకుని అందించాను. ఆయన దాన్ని తెరవలేదు.

"నాకు తెలీదు మునెమ్మా. తెలీకుండా చెప్పలేను."

"పోనీలెండి సార్, మీరు మాత్రం ఏం చేస్తారు," అని ఆమె తిరిగి ఆయన్నే ఓదార్చింది. ఐదు పిల్లల్నీ తనే ఎత్తి ఆటోలో పెట్టింది. సారు ఆ నెలలోనే రిటైరయ్యారు.

చాలా ఏళ్లకు నేనూ పాఠాలు చెప్పేదాన్నయ్యాక, అంబత్తూరు అవతల ఒక కొట్టంలో అదే ప్రయోగం మళ్లీ చేశాను. ఈసారి దొడ్డి తాళంచెవి నా దగ్గర ఉంచుకోలేదు. మేత తగ్గించిన పిల్లలు వెనకబడ్డాయి, నిండుగా పెట్టాక మిగతావాటిని అందుకున్నాయి. సారు నమ్మిందే నిజం. ఆ తూకాలు రాసుకున్న పుస్తకం పట్టుకుని జార్జి టౌన్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ప్రతి పేజీ చదివారు.

"మునెమ్మకు చెప్పినావా?" అన్నారు.

"పోయి చూశాను సార్. ఆ గుడిసెలు ఇప్పుడు లేవు. ఆమె ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోయారు." అక్కడితో నాకు ఏడుపు ఆగలేదు. "అప్పుడు ఆకు పెట్టింది నేనే సార్."

"తెలుసమ్మా. దొడ్డి మూల అగత్తి కాడలు చూసినా."

"మరి నన్నెందుకు ఏమీ అనలేదు?"

"అడిగినా కదా, లేదన్నావు. సరే, ఆయమ్మ ముందరన్నా చెప్తావని చూసినా." పుస్తకం మూసి నా చేతిలో పెట్టారు. "ఆ పొద్దు నీ పక్క చూసింది నోటుబుక్కు కోసరం కాదమ్మా."

సారు పోయి మూడేళ్లయింది. మొన్న గుడి ముందు ఆవు కట్టంతా తినేసి, ఇంకా ఏమైనా ఉందేమోనని నా అరచెయ్యి నాకింది. ఇప్పటికీ ఎవరైనా మాట్లాడకుండా నా వైపు చూస్తే, ముందు నా చేతులే ఏదో ఒకటి అందించాలని వెతుక్కుంటాయి. వాటిని ఆపి నోరు తెరవడం నేర్చుకున్నాను. మునెమ్మ గుడిసె ముందు తెరవాల్సిన నోరు అది.