అక్క గాజులు తియ్యని నెలలు

మొన్న మదురైలో ఒక కుర్ర డాక్టరు నా మనవడి ఎడమ డొక్క నొక్కి చూసి, రక్తపరీక్ష కాగితం వెనక కొమ్మలు కొమ్మలుగా గీతలు గీశాడు. రక్తంలో వచ్చే క్యాన్సరు ఒకటి కాదట. ఎముకల మూలుగలో పుట్టి రక్తంలోకి పాకేది లుకేమియా, గ్రంథుల్లో గడ్డలు కట్టేది లింఫోమా, ఎముకలను తొలిచేది మైలోమా. లుకేమియాలో మళ్ళీ తొందరది ఒకటి, నిదానంది ఒకటి. వాటిలో ఏ జాతి కణం చెడిందన్నది ఇంకో లెక్క. మా కోవిల్‌పట్టి మండీలో మిరపకాయలను కూడా ఇన్ని కుప్పలు పోయరు. మనవడిది నిదానపు రకమనీ, రోజూ మాత్ర వేసుకుంటే బతుకు సాగిపోతుందనీ, ప్లీహం ఉబ్బడం వల్లే ఆ పక్క గట్టిగా ఉందనీ చెప్పాడు. నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఆ గట్టిదనం మాత్రం నా అరచేతికి తెలుసు.

అక్క నా తోడికోడలు. పందొమ్మిది వందల ముప్పైల్లో నేను కాపురానికి వచ్చేసరికే ఆమె కోవిల్‌పట్టి పక్క మా నల్లరేగడి ఊళ్ళో పెద్ద కోడలు. బిడ్డలు లేరు. మా అత్తగారు బావగారికి సాత్తూరు వైపు ఇంకో పిల్లను చూసి వచ్చి, ఆయనచేత సరేననిపించి, మాట ఇవ్వడమే తరువాయిగా ఉన్నారు. సరిగ్గా అప్పుడే అక్కకు నెల తప్పింది, కడుపు ఎత్తింది. రెండు ముద్దలకే కంచం తోసేసేది. అత్తగారికి అదీ సంతోషమే. "కడుపునిండా బిడ్డుంటే కూడెక్కడ పడతాది?" అనేవారు. మంత్రసాని తడిమి చూసి, "ఎడం పక్కకి ఒరిగుండాది. మొగబిడ్డే, సోమరి, అందుకే కదల్లేదు" అని తేల్చింది. సాత్తూరు సంబంధం మాట ఆగిపోయింది.

ఏడో నెలలో వళకాపు, అంటే గాజుల సీమంతం, చేశాం. చుట్టాలంతా వచ్చి మోచేతుల దాకా గాజులు తొడిగారు, పులిహోర, పెరుగన్నం పెట్టారు. ఆ గాజులు కాన్పయ్యాకే తియ్యాలి, తీసి మంత్రసానికి ఇవ్వాలి, అది మా ఇళ్ళల్లో కట్టడి. అక్క నడిస్తే ఇల్లంతా మోగేది. నా చెయ్యి లాక్కుని డొక్క మీద పెట్టుకుని, "కదిలినాదా మే?" అని అడిగేది. కదిలిందో లేదో నాకేం తెలుసు, నేనే అప్పటికి చిన్నపిల్లను. తెల్లబోయి నవ్వేదాన్ని.

నెలలు నిండాయి, దాటాయి. కాన్పు రాలేదు. ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది. బావగారు, అత్తగారు, నేను కలిసి ఆమెను రైల్లో విరుదునగర్ తీసుకుపోయాం. అక్కడి డాక్టరు వేలు పొడిచి, రక్తపు బొట్టును గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపులో చాలాసేపు చూశాడు. మెడ, చంకలు తడిమాడు. అక్కడ గడ్డలు లేవు కాబట్టి గ్రంథుల రకం కాదు, ప్లీహం ఉబ్బింది కాబట్టి మూలుగ రకం, రక్తంలో తెల్లకణాలు మితిమీరాయి, బిడ్డ లేదు అని అరవంలో చెప్పాడు. చుక్కల మందిస్తాననీ, వాపు తగ్గి మళ్ళీ వస్తుందనీ అన్నాడు. అత్తగారికి తల తిరిగిపోయింది. "రెత్తం తెల్లబడితే ముక్కులో ఎర్రగా ఎందుకు కారతాది? బిడ్డ లేకుంటే ఇన్ని నెలలు మేము చూసిందేమి?" అని మమ్మల్ని అడిగారు. బావగారు స్టేషన్‌లో బల్ల మీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

రైలెక్కాక అక్క అంది: "రెండూ ఉండొచ్చును కదత్తా? జబ్బూ ఉండాది, బిడ్డా ఉండాది."

ఇంటికి వచ్చాక అత్తగారు గాజులు తీసెయ్యమన్నారు. లేని కాన్పుకు గాజులుంచడం అపశకునమని ఆవిడ భయం. అక్క చేతులు వెనక్కి దాచుకుని, "కాన్పు కానీ అత్తా, నేనే తీస్తాను" అంది. ఇక గొడవ అవుతుందనుకున్నాను. అప్పుడు, సాత్తూరు పిల్లకు సరేనన్న ఆ బావగారే, వాకిట్లోంచి వచ్చి, "ఉండనీమ్మా, మా వంశంలో పిల్లలు నిదానంగానే పుడతారు" అన్నారు. ఎవరి కళ్ళలోకీ చూడలేదు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరడిగినా అదే మాట చెప్పారు. రోజూ ఆమె పక్కన కూర్చుని, ఎడమ డొక్క మీద చెయ్యి వేసి, "ఇప్పుడు నిద్రపోతుండాడు" అనేవారు. అక్క మురిసిపోయేది. అంతటి ప్రేమను నేను ఆ ఇంట్లో ముందూ చూడలేదు, వెనకా చూడలేదు. వానలు పడేలోపు అక్క పోయింది.

డాక్టర్లు ఇప్పుడు రక్తాన్ని ఇన్ని రకాలుగా విడదీశారు గానీ, ఆ నెలలను జబ్బు లెక్కలో కలపాలో, కడుపు లెక్కలో కలపాలో, ఇంత కాలం గడిచినా నాకు తేలలేదు.