కొత్త కారు సీటు కవర్లు

కొత్త కారు వాసన బాగుంటుందనే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏం బాగుంటుంది? ఎండలో పెట్టిన ప్లాస్టిక్ బకెట్‌లో తల దూర్చినట్టుంటుంది. దానికి తోడు, సీట్లకు చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవర్లు కూడా మా ఆయన తియ్యనివ్వలేదు. అన్నవరం తీసుకెళ్ళి పూజ చేయించేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నారు.

మా అత్తగారు ఏటా కార్తీకంలో అన్నవరం కొండ మీద వ్రతం చేసుకుంటారు. మోకాళ్ళ నొప్పులతో ధవళేశ్వరం దాటి ఇంకెక్కడికీ వెళ్ళరు. ఏడాది మొత్తానికీ ఆవిడకి ప్రయాణమంటే అదొక్కటే. పాత అంబాసిడర్ ఉన్నన్నాళ్ళూ వెనక సీటు మీద కాళ్ళు చాపుకుని, అద్దం దింపుకుని, దారి పొడుగునా చేలు చూసుకుంటూ వెళ్ళేవారు. అది దడదడలాడేది, పెట్రోలు తాగేది, నిజమే. కానీ అందులో మనిషి మనిషిలా కూర్చునే వీలుండేది. దాన్ని ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి ఈ నల్లటి డబ్బా తెచ్చారు.

బయలుదేరేటప్పుడే మొదలైంది.

"అమ్మా, చెప్పులు దులుపుకుని ఎక్కు. కాళ్ళు పైకి పెట్టకు. తలనూనె అంటుతుంది, వెనక్కి ఆనుకోకు."

ఆవిడ నిటారుగా కూర్చున్నారు. పక్కన నేను. ముందు సీట్లో పెట్టిన కొబ్బరికాయల సంచీని మనిషనుకుని కారు ఒకటే కూత. చివరికి ఈయన సంచీకి బెల్టు పెట్టారు. ఛీ, ఇదొక బతుకా అనిపించింది.

రాజానగరం దాటాక అత్తగారి ముఖం పాలిపోయింది.

"కాస్త అద్దం దింపరా నాన్నా."

"ఏసీ వేశాను కదమ్మా. దుమ్ము పడుతుంది."

అద్దాలన్నీ తన దగ్గరున్న మీటతో బిగించేసుకున్నారు. నేను ఎంత నొక్కినా నా వైపుది కదల్లేదు. "ఏంటండీ, ఆవిడకి తిప్పుతోంది, ఆపండి" అనేలోపే అయిపోయింది.

ఆవిడ సీటు మీద పడనివ్వలేదు. కొంగు రెండు చేతులా దోసిలిలా పట్టుకుని అందులోనే వాంతి చేసుకున్నారు. ఉపవాసం, పొద్దున తాగిన కాఫీ తప్ప లోపల ఏముందని. వ్రతానికని దాచుకుని కట్టుకున్న ఉప్పాడ చీర అది.

కారు ఆపి, వెనక తలుపు తీసి, మా ఆయన ముందు చూసింది సీటు వంక.

"అమ్మయ్య, పడలేదు" అన్నారు.

నాకు అసహ్యం వేసింది. వాంతి చూసి కాదు. వేవిళ్ళతో నేను పాత కారంతా పాడుచేస్తే, కాలవలోంచి బకెట్లతో నీళ్ళు తెచ్చి, నవ్వుతూ కడిగింది ఈ మనిషే.

అన్నవరంలో కొళాయి దగ్గర కొంగు ఉతుక్కుని, అత్తగారు ఆ తడిచీరతోనే వ్రతానికి కూర్చున్నారు. అదయ్యాక కారుకు పూజ. చక్రాల కింద నిమ్మకాయలు, అద్దం మీద గంధం బొట్లు. హారతి అయిపోగానే మా ఆయన సంబరంగా చేతులు రుద్దుకున్నారు.

"ఇక కవర్లు తీసేద్దామమ్మా."

"ఉండనీరా" అన్నారావిడ. "మళ్ళీ నేనిందులోనే రావాలిగా."