ఏడో సీటు

ఎక్కడికి వెళ్ళినా అక్కడున్న వాటిల్లోకెల్లా అధ్వాన్నమైన సీటేదో వెతికి పట్టుకుని, అందులో కూర్చుని, అంతకంటే గొప్ప సీటు లోకంలో లేదని వాదించడం టార్చి పెదనాన్నకి ఉన్న ఒకే ఒక్క వ్యసనం. పొగ తాగడు, పేకముక్క ముట్టుకోడు. చెడ్డ సీటు కనబడితే మాత్రం ఆగలేడు.

బస్సెక్కితే వెనక చక్రం మీది సీటు. మంగలి షాపులో మేకు తేలిన బల్ల. పెళ్ళిళ్ళలో సరిగ్గా స్పీకరు పెట్టె ముందున్న కుర్చీ. ఇంట్లో భోజనాల బల్లకి ఏడు కుర్చీలున్నాయి. అందులో ఒకదానికి ఒక కాలు పొట్టి. దానిమీద కూర్చున్నవాడు భోంచేసినంతసేపూ పడవలో ఉన్నట్టు ఊగుతూనే ఉండాలి. అది పెదనాన్న కుర్చీ. ఓసారి ఆయన తమ్ముడు ఆ కాలి కింద చెక్కముక్క పెట్టబోతే ఇల్లంతా ఎగిరిపోయేలా కేకలేశాడు.

“ఒరేయ్, దాని జోలికి వెళ్ళావంటే ఊరుకోను! అసలు మజా అంతా ఇక్కడే ఉంది.”

టార్చి అన్న పేరు ఉద్యోగం వల్ల వచ్చింది. ముప్ఫై రెండేళ్ళు ఒక సినిమా హాల్లో గేటు దగ్గర నిలబడి టిక్కెట్లు చింపి, చీకట్లో టార్చి వేసి జనానికి సీట్లు చూపించాడు. టిక్కెట్టు మీద ఏ నంబరుంటే ఆ సీటే. హాలు యజమాని బావమరిది వచ్చినా మార్చేవాడు కాదు. తర్వాత హాలు మూసేశారు. టార్చి మాత్రం ఆయన జేబులోనే ఉండిపోయింది. ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే పట్టపగలు టార్చి వేసి సోఫా చూపిస్తాడు.

ఆయన చెప్పే సినిమా కథలు మరీ విచిత్రంగా ఉండేవి. వాటిల్లో హీరో ఉంటాడు, హీరో తల్లి ఉంటుంది, విలను మాత్రం ఉండడు.

“మరి హీరో ఎవర్ని కొట్టాడు పెదనాన్నా?”

“ఎవర్నో కొట్టాడమ్మా. గట్టిగానే కొట్టాడు. చెయ్యి ఇలా వెళ్ళింది, అవతల ఎవడో కుయ్యోమన్నాడు.”

“వాడెలా ఉంటాడు?”

“చెడ్డవాళ్ళ సంగతి మనకెందుకులే.”

పెదనాన్నకి మతిమరుపని పిల్లలు తీర్మానించేసుకున్నారు. మరదలు కూడా అంతే అనుకుంది.

మరదలంటే ఆయన తమ్ముడి భార్య. పుస్తకాలు బైండు చేసే చిన్న షాపు నడుపుతుంది, ఇల్లూ ఆవిడే నడుపుతుంది. ఇంట్లో మొత్తం ఏడుగురు. పెదనాన్న, తమ్ముడు, మరదలు, వాళ్ళ ముగ్గురు ఆడపిల్లలు, వీళ్ళందరి మీదా అధికారం చెలాయించే పెద్దావిడ, అంటే అన్నదమ్ముల తల్లి. ఉన్న కారులో ఐదుగురు పడతారు. ఊపిరి బిగబడితే ఆరుగురు. కాబట్టి ఎక్కడికి వెళ్ళినా ఒకరు మిగిలిపోవాల్సిందే. ఆ ఒకరు ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

“మీరు వెళ్ళిరండర్రా. ఖాళీ ఇంట్లో ఉండే మజా మీకేం తెలుసు!” అని గేటు పట్టుకుని చెయ్యి ఊపేవాడు.

పదిహేనేళ్ళుగా వెనక అద్దంలోంచి ఆ చెయ్యి చిన్నదైపోతూ ఉండడం మరదలు చూస్తూనే ఉంది. చూసినప్పుడల్లా ఆవిడకి మనసు చివుక్కుమనేది.

ఇప్పుడు పెద్దపిల్ల దూరపు ఊళ్ళో నర్సింగు కాలేజీలో చేరబోతోంది. ఆ పిల్లకి నడక నేర్పింది, సైకిలు నేర్పింది, లెక్కలు తప్పుగా నేర్పింది, అన్నీ పెదనాన్నే. మరదలు ఒక రోజు భోజనాల దగ్గర తేల్చిచెప్పేసింది.

“ఈసారి గేటు దగ్గర ఎవరూ మిగలడానికి వీల్లేదు. అందరం వెళ్ళి దింపుదాం. కారు అమ్మేసి ఏడు సీట్ల పాత వ్యాను కొందాం.”

“నేను ఇంటి దగ్గర...” అని పెదనాన్న మొదలుపెట్టాడు.

“బావగారూ, మీరు మాట్లాడకండి.”

కారు ఎవరో కొనుక్కుపోయారు. ఆ డబ్బూ, షాపులో కూడబెట్టిందీ కలిపితే వచ్చే వ్యాన్లన్నీ సగం ఆయుష్షు తీరినవే. ప్రయాణానికి పది రోజులుంది. వీధి చివరి మెకానిక్కుని వెంటబెట్టుకుని అందరూ బయల్దేరారు.

మొదటిది వెండిరంగు వ్యాను. మెకానిక్కు ఇంజను మీద చెవి పెట్టి, డాక్టరులాగా కళ్ళు మూసుకున్నాడు. తమ్ముడు స్టీరింగు పట్టుకుని ఊహల్లో ఎక్కడికో వెళ్ళిపోయాడు. పెద్దావిడ మధ్య వరసలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, “బానే ఉంది” అంది. పెదనాన్న మిట్టమధ్యాహ్నం టార్చి వెలిగించి, వరస వరసా చూసుకుంటూ పోయి, చిట్టచివరి సీట్లో కూలబడ్డాడు. అటు జరిగాడు, ఇటు జరిగాడు, వీపు ఆనించాడు. మొహం మాడ్చుకుని దిగాడు.

“వద్దమ్మా.”

“ఎందుకు బావగారూ?”

“ఈ వెనక సీటు మరీ బావుంది.”

వ్యాను అమ్మేవాడు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. తన జన్మలో ఇలాంటి వంక వినలేదని వాడి మొహమే చెప్పింది. మరదలు తెల్లబోయింది. కానీ ఆ ఇంట్లో పెద్దవాడు వద్దన్నాక కొనే అలవాటు లేదు.

రెండోది ఎర్రది, రెండు రోజుల తర్వాత దొరికింది. మెకానిక్కు సరేనన్నాడు. పెదనాన్న మళ్ళీ టార్చి, మళ్ళీ వెనక సీటు, మళ్ళీ మాడు మొహం.

“మెత్తగా ఉందమ్మా. పరుపే. వద్దు.”

ఇంటికొచ్చాక మరదలికి సహనం చచ్చిపోయింది.

“బావగారూ, మీక్కావాల్సింది వ్యానా, శిక్షా? ఇంకా ఐదు రోజులే ఉంది. పిల్లకి పెట్టె సర్దడం కూడా అయిపోయింది. మీకు రావడం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పండి. ఇలా వంకలు పెట్టి చివరికి గేటు దగ్గరే నిలబడదామనుకుంటున్నారా?”

పెదనాన్న పొట్టికాలి కుర్చీలో ఊగుతూ తలవంచుకున్నాడు. “వస్తానమ్మా. దాన్ని దింపడానికి నేను రాకపోవడమేంటి? ఇంకొక్క బండి చూద్దాం, అంతే” అన్నాడు. ఆ గొంతు విని మరదలికి అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది అనిపించింది.

మూడో వ్యాను పూలమొక్కలు అమ్ముకునే ఒకావిడది. పసుపురంగుది. ఆవిడ వ్యాపారం పెరిగి లారీ కొనుక్కుంది. ఒక్క మూలని తప్ప వ్యానంతటినీ కన్నబిడ్డలా చూసుకుంది. వెనక వరసలో కుడిపక్క మూల ఏళ్ళ తరబడి కుండీలు పెట్టి, నీళ్ళు కారనిచ్చి, ఎరువు ఒలకనిచ్చింది. ఆ సీటు చక్రం మీద ఉంది. స్పాంజి గట్టిపడి రాయైపోయింది. పక్కన అద్దం సగం దాకా దిగి బిగుసుకుపోయింది. కాళ్ళు పెట్టుకునే చోట జాకీ పెట్టె. అన్నిటినీ మించి ఎరువు వాసన.

పెదనాన్న అందులో కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఆయన మొహం వెలిగిపోయింది.

“అబ్బ! ఇదీ సీటంటే! కొనెయ్యండమ్మా, ఇంకేం చూడక్కర్లేదు!”

“బావగారూ, ఇందులో మనిషి కూర్చుంటాడా?”

“అసలు మజా అంతా ఇక్కడే ఉంది!”

మెకానిక్కు బండి కింద నుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. “అక్కా, చెప్తే నమ్మరు. ఈ బండి రోగమంతా ఆ మూలనే ఉంది. మిగతాదంతా గట్టి సరుకు. ఆ సీటు కూడా బిగింపులు బానే ఉన్నాయి, బెల్టు పనిచేస్తోంది. కూర్చోవచ్చు, కూర్చోబుద్ధి కాదంతే. ఆ మూల చూసే ఎవరూ కొనడం లేదట, అందుకే ఈ రేటు.”

మరదలు వెళ్ళి తనే ఆ మూలలో కూర్చుంది. తమ్ముడు వీధి చివరిదాకా వ్యాను నడిపించాడు. ప్రతి గతుకూ ఆవిడ వెన్నులోకి ఎక్కింది. సగం దిగిన అద్దంలోంచి గాలి చెవిలో ఈల వేసింది. కానీ అక్కణ్ణించి చూస్తే మిగతా ఆరు సీట్లూ కనిపించాయి. పెద్దావిడ కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. వెండిరంగు వ్యానులో ముడుచుకునే కూర్చుంది కదా, మోకాలు నొప్పితో. నడిమిపిల్ల తల వెనక్కి ఆనించుకుంది. ఎర్ర వ్యానులో ఆ పిల్ల సీటుకి తల ఆనించే చోటే లేదు. ఆ పిల్లకి బండెక్కగానే తల తిరుగుతుంది. ఆ రెండూ అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. టార్చి వేసి వరస వరసా చూసుకుంటూ పోయినవాడు ఒక్కడే పట్టించుకున్నాడు.

వ్యాను వెనక్కి రాగానే ఆవిడ దిగి పెదనాన్న ముందు నిలబడింది.

“బావగారూ, నిజం చెప్పండి. మీకు చెడ్డ సీటంటే ఇష్టమా?”

పెదనాన్న టార్చి ఆర్పి, వెలిగించి, మళ్ళీ ఆర్పాడు.

“మన డబ్బుకి వచ్చే బండిలో ఎక్కడో ఒకచోట కష్టం ఉండాల్సిందే కదమ్మా. అది ఏడుగురికీ తలా కాస్త పంచిన బండి ఎందుకు? అంతా ఒక్క సీట్లోనే పెట్టిన బండైతే మిగతా ఆరుగురూ హాయిగా ఉంటారు. ఏదో, నాకు అలవాటే కదా.”

మరదలికి కళ్ళు చెమర్చాయి. ఎరువు వాసనకని చెప్పి తుడుచుకుంది.

“హాల్లోనూ ఇదే తంతు వీడిది” అంది పెద్దావిడ వ్యానులోంచి దిగకుండానే. “అక్కడొక స్తంభం, దాని వెనకొక సీటు. హాలు నిండితే ఆ టిక్కెట్టు ఎవరో ఒకరికి పడేది. వీడు ఇంకొకరి నంబరు మార్చడు కదా, వాళ్ళని తన స్టూలు మీద కూర్చోబెట్టి, వీడెళ్ళి స్తంభం వెనక కూర్చునేవాడు. ముప్ఫై రెండేళ్ళలో తెర కుడిపక్క ఏముంటుందో వీడెరగడు.”

“అమ్మా, నువ్వూరుకో” అన్నాడు పెదనాన్న సిగ్గుపడిపోతూ.

చిన్నపిల్ల నోరు తెరిచింది. “అయితే విలన్లందరూ కుడిపక్కనే ఉన్నారా పెదనాన్నా?”

వ్యాను కొన్నారు. ఆ మిగిలిన రోజుల్లో మరదలు షాపులో కూర్చుని అట్ట కత్తిరించి, అంచులు సరిచేసి, ఏడు టిక్కెట్లు తయారు చేసింది. ఒక్కోదాని మీదా సీటు నంబరు వేసింది.

ప్రయాణం రోజు పొద్దున్నే సామానంతా ఎక్కించాక వ్యాను తలుపు దగ్గర అందరికీ టిక్కెట్లు పంచింది. పెదనాన్నకి పాత ఉద్యోగం మళ్ళీ వచ్చినట్టయింది. తలుపు పక్కన నిటారుగా నిలబడి, ఒక్కొక్కరి టిక్కెట్టూ చింపి, టార్చి వేసి లోపలికి పంపాడు. చివరికి తన టిక్కెట్టు చూసుకున్నాడు. రెండో నంబరు. డ్రైవరు పక్కన, ముందు సీటు.

“ఇదేంటమ్మా, తప్పుపడింది. నాది ఏడు కదా?”

“ఏడు నాది” అంది మరదలు తన టిక్కెట్టు చూపించి.

“మార్చుకుందాం, ఇలా ఇచ్చెయ్.”

“మీ హాల్లో టిక్కెట్లు మార్చుకోనిచ్చేవారా బావగారూ?”

ఆయన టిక్కెట్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “నంబరంటే నంబరే” అని నీరసంగా ఒప్పుకున్నాడు. ఆవిడ ఆయన చేతిలోంచి టార్చి తీసుకుని, ఆ తెల్లటి ఎండలో ముందు సీటు మీద వెలుగు వేసి నిలబడింది.

“ఇలా రండి. ఇదే మీ సీటు.”

“వచ్చేటప్పుడు ఎలాగూ ఆరుగురమే. ఆ మూల ఎవరికీ అక్కర్లేదులే” అని తనకి తనే నచ్చజెప్పుకుంటూ పెదనాన్న ఎక్కాడు.

వ్యాను కదిలింది. మరదలు ఏడో సీట్లో మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. గేటుకి తాళం ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు.

ముందు నుంచి కాసేపు గొణుగుడు వినిపించింది. సీటు మరీ మెత్తగా ఉందట, కాళ్ళు చాపుకుంటే సోమరితనం వస్తుందట, ఇక్కడ మజా ఏమీ లేదట. తర్వాత గొణుగుడు ఆగిపోయింది. ఆయన ముందు అద్దం ఈ చివర నుంచి ఆ చివరిదాకా పరుచుకుని ఉంది. ఎక్కడా స్తంభం లేదు. ఆయన ఎడమపక్కకి చూశాడు, కుడిపక్కకి చూశాడు, మళ్ళీ ఎడమపక్కకి చూశాడు.

మలుపు తిరగగానే కుడిపక్క నుంచి బుసలు కొడుతూ పెద్ద నల్ల లారీ ఒకటి ఎదురొచ్చింది. దాని మూతికి మీసాలు కూడా గీసి ఉన్నాయి.

“పిల్లలూ, చూడండర్రా!” అని సీట్లో ఎగిరి కూర్చున్నాడు పెదనాన్న. “అదుగో విలను! దొరికాడు!”

వ్యానంతా గొల్లుమంది. పెద్దపిల్ల ముందుకి వంగి పెదనాన్న మెడ చుట్టూ చేతులు వేసింది. వెనక మూల నుంచి మరదలు, గాలి ఈలకి గొంతు పెంచి అరిచింది.

“ఇక్కడ కూడా మజాగానే ఉంది బావగారూ!”

“నాకు తెలీదా ఏంటమ్మా?” అన్నాడాయన. కానీ అద్దం మీంచి కళ్ళు తిప్పలేదు.